నాలుగో లైను జోలికి వెళ్ళొద్దు

మా ఆఫీసులో నన్ను మిర్చి అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఇంతవరకూ తెలియలేదు. తెలిసిన రోజున వాళ్ళ సంగతి ఉంటుంది. అయినా నాకు ఊరికే కోపం రాదు. చదవకుండా కోడు అతికించేవాళ్ళని చూస్తేనే వస్తుంది. ఎక్కడో కనిపించిన నాలుగు లైన్లు ఎత్తుకొచ్చి, అందులో ఏముందో చూడకుండా తమ పనిలో అతికించేసి, అది తన్ని ఆగిపోగానే నా బల్ల దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడతారు. "ముద్ద నోట్లో పెట్టుకునే ముందు కంచంలో ఏముందో చూసుకోరూ?" అని లేస్తాను నేను. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నా నలుపు సంగతి కాసేపట్లో చెప్తాను.

మాది ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ. ఎవరు ఏ రోజు ఏ డాక్టరును చూడాలి, ముందురోజు వాళ్ళ ఫోనుకు ఏ మెసేజి వెళ్ళాలి, అన్నీ మా పనే. ఒకే గది, ఒకే పొడుగాటి బల్ల, కిటికీ గట్టుమీద ఎప్పుడూ సగం వేడిగా ఉండే కెటిల్. మా అందరికీ కంప్యూటర్లో ఉమ్మడిగా ఒక చాట్ ఉంది. దాన్ని చిట్కాల గది అంటాం. పని చేస్తూ ఎవరైనా ఓ తేలిక దారి కనిపెడితే ఆ నాలుగు లైన్లూ అక్కడ పెట్టాలి. పెట్టిన చిట్కా ఒక్క చూపుకి తెరమీద పట్టాలి, అతికించగానే నడవాలి. అది ఎక్కడ తన్నుతుందో కూడా కింద రాయాలి.

ఈ చివరి నియమం తాతగారు పెట్టినది. "ఇల్లు అమ్మేవాడు వాన కారే చోటు చూపించడు. మనం ఇల్లు అమ్మట్లేదుగా, కారే చోటు కూడా చూపిద్దాం" అన్నారు ఆయన.

తాతగారంటే నిజంగా తాత కాదు. యాభై దాటాయి, అంతే. కానీ ముప్పై దాటగానే పెద్దవాళ్ళైపోయినట్టు చూసే మా పనిలో యాభై అంటే తాతే. ఆయనలో నాకు నచ్చనిది ఒక్కటే ఉండేది. ఎవరి కోడు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా తప్పనేవారు కాదు. "బావుంది. ఒకటి కనిపించింది, చెప్పమంటావా?" అని అడిగేవారు. చెప్పమంటేనే చెప్పేవారు. వద్దంటే నవ్వి ఊరుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. "తప్పుంటే తప్పని మొహం మీదే అనండి తాతగారూ, అడుక్కోవడం దేనికి?" అనేదాన్ని. "ఒకసారి అడక్కుండా చెప్పానమ్మా. చాలు" అన్నారు ఒకరోజు, టీ కప్పు కడుగుతూ.

ఆ సంగతి మెల్లమెల్లగా తెలిసింది. ఆయనకు ఒక్కతే కూతురు. తనూ మా చదువే చదివింది. చదువు చివర్లో వాళ్ళమ్మకోసం ఒక చిన్న ప్రోగ్రాం రాసింది, వేళకు మాత్రలు వేసుకోమని గుర్తు చేసేది. మొహం వెలిగిపోతుండగా తెచ్చి నాన్నకు చూపించింది. ఈయన కూతురి మొహం చూడలేదు, కోడు చూశారు. ఇక్కడ తప్పు, ఇక్కడ దండగ, ఇక్కడ ఇలా ఎవరైనా రాస్తారా అని వరసగా చెప్పుకుంటూ పోయారు. అంతటితో ఆగినా బాగుండేది. కూతురు కాలేజీకి వెళ్ళాక కూర్చుని మొత్తం తిరగరాసి, పాతది చెరిగిపోయేలా ఆ ఫైలు మీదే భద్రం చేసేశారు. సాయంత్రం పిలిచి, "చూడు, ఎంత ముచ్చటగా ఉందో" అన్నారు.

ఆ అమ్మాయి కాసేపు చూసింది. "ఇది నీది నాన్నా. నాదేది?" అంది.

లేదు. ఊళ్ళోవాళ్ళందరికీ కాపీ తీసి పెట్టుకోండి అని చెప్పే మనిషి కూతురిది ఒక్క కాపీ కూడా దాచలేదు. ఆ తర్వాత ఆ పిల్ల ఒక్క లైను కోడు రాయలేదు. వేరే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో చీట్లు రాసే కౌంటర్లో ఉద్యోగం చూసుకుంది. వాళ్ళమ్మతో రోజూ మాట్లాడుతుంది. ఈయన ఫోను తీసుకుంటే "ఆ, బాగానే ఉన్నాను, పనుంది" అని పెట్టేస్తుంది. మెసేజి పెడితే చూస్తుంది, జవాబివ్వదు. తిన్నదో లేదో కూడా ఆయనకు భార్య ద్వారానే తెలియాలి. "తిందటనా?" "తిందట." ఇంట్లో ఇదీ వాళ్ళ సంభాషణ.

ఆ ఆసుపత్రి వాడేది మా సాఫ్ట్‌వేరే. అందుకని దాని పని ఏదొచ్చినా తాతగారు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. కౌంటర్ తెరమీద అక్షరాలు పెద్దవి చేశారు. చేత్తో మౌస్ పట్టక్కర్లేకుండా ఒక గడిలోంచి ఇంకో గడిలోకి వెళ్ళే ఏర్పాటు చేశారు. "రోజంతా అక్కడ కూర్చునేవాళ్ళకి మణికట్టు నొప్పెడుతుంది" అనేవారు. ఎవరి మణికట్టో మాకు తెలియదా ఏం?

ఇంకో అలవాటు కూడా ఉండేది. చిట్కాలో ఏదో ఒక నమూనా మాట ఉండాలి, లేకపోతే నడిపి చూడలేం. మేము 'పరీక్ష' అనో 'అఆఇఈ' అనో కొడతాం. నా పక్కన కూర్చునే హెడ్‌ఫోన్ 'ఆకలేస్తోంది' అని కొడతాడు. (చెవుల మీంచి అవి దిగిన రోజు లేదు కాబట్టి వాడికి ఆ పేరు.) తాతగారి చిట్కాల్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట ఉంటుంది: 'చిన్నీ, తిన్నావా? ఇట్లు నాన్న.' కూతుర్ని అడగలేనిది చిట్కాల్లో అడుక్కునేవారు. ఆ మాట అంటే నవ్వేసి, "ఏదో ఒకటి రాయాలి కదమ్మా" అనేవారు.

ఆ రోజు పొద్దున్నే అదే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. కళ్ళ డాక్టరుగారికి ఒంట్లో బాగాలేదు, మర్నాడు రావాల్సినవాళ్ళందరికీ తేదీ మారిందని మెసేజి పంపమని. తాతగారు ఇంకా రాలేదు. అన్ని మెసేజీలు ఒక్కసారి వదిలితే ఫోను కంపెనీవాళ్ళు ఆపేస్తారు. దానికి తాతగారి చిట్కా ఒకటుంది, కాస్త కాస్త ఊపిరి పీల్చుకుంటూ పంపేది. తీసుకున్నాను, అతికించాను. నంబర్ల వరస ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. తేదీ మారిన మాట చక్కగా వేరే కిటికీలో రాసి పెట్టుకున్నాను. నడిపించాను.

రాసి పెట్టుకున్న మాట రాసి పెట్టుకున్నచోటే ఉండిపోయింది.

హెడ్‌ఫోన్ చెవుల మీంచి ఆ రెండు డిప్పలూ తీశాడు. అది చూసే సగం భయమేసింది నాకు. "మిర్చీ, జవాబులొస్తున్నాయి. చిన్ని ఎవరని అడుగుతున్నారు" అన్నాడు.

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆపేసరికే వందలమందికి వెళ్ళిపోయింది. ఆసుపత్రి పేరుమీద, పట్టపగలు, కళ్ళు బాగోక మర్నాటికోసం ఎదురుచూస్తున్న ముసలీముతకకీ, పిల్లాజెల్లాకీ, అందరికీ: చిన్నీ, తిన్నావా? ఇట్లు నాన్న. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. మెసేజి జారితే అసలే తీసుకోలేం.

వెంటనే క్షమించమని, తేదీ మారిందని అసలు మెసేజి పంపాను. ఈసారి అక్షరం అక్షరం చదివి. ఈలోపు జవాబులు వస్తూనే ఉన్నాయి. 'తప్పు నంబరండీ.' 'ఇది ఏ రకం మోసం?' 'తినలేదు, పంపిస్తారా?' వాటి మధ్యలో ఇంకో రకంవి కూడా ఉన్నాయి. 'తిన్నాను నాన్నా, ఎవరైతేనేం.' 'చిన్ని ఎవరోగానీ అదృష్టవంతురాలు. జవాబిమ్మని చెప్పండి.' ఒకామె మాత్రం, 'మా నాన్న పోయాక ఈ మాట ఎవరూ అడగలేదు. తిన్నాను' అని రాసింది. నేను ఏడుపు మనిషిని కాను. లేచి కెటిల్లో నీళ్ళు పోసి వచ్చాను.

మేనేజరు తన గదిలోంచి బయటికొచ్చారు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆ చిట్కాల గది ఇవాళే మూసేయండి. ఎవరి పని వాళ్ళు రాసుకుంటే ఇలాంటివి జరగవు" అన్నారు.

అప్పుడే తాతగారు లోపలికొచ్చారు, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో. సంగతి విన్నారు. "ఆ మాట నాది సార్. అక్కడ రాసింది నేను" అన్నారు.

"అతికించిన చెయ్యి నాది. ఆయన్ని అంటే నేనూరుకోను" అన్నాను.

"ఇద్దర్నీ ఏమీ అనట్లేదు. గది మూసేయమంటున్నాను" అని మేనేజరు వెళ్ళిపోయారు.

తాతగారికి గది మీద ధ్యాస లేదు. కుర్చీలో కూలబడి నా వైపు చూశారు. "మెసేజి చూసినవాళ్ళు ఎక్కడికి ఫోన్ చేస్తారమ్మా?"

నాకప్పుడు తట్టింది. ఆసుపత్రికే చేస్తారు. కౌంటరుకే చేస్తారు.

"ఆ ఫోన్లు ఎత్తేది అదే. పొద్దుట్నించీ వందమంది ఫోన్ చేసి, చిన్ని ఎవరండీ అని దాన్నే అడుగుతుంటారు" అన్నారు ఆయన. "ఇంట్లో పరువు తీశాను. ఇప్పుడు ఉద్యోగంలో కూడా తీశాను. ఇంక అది ఈ జన్మలో మాట్లాడదు."

మధ్యాహ్నమైంది. అందరూ తిన్నారు. ఆయన క్యారియర్ మూత తియ్యలేదు. ఫోను ఎదురుగా పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత ఫిర్యాదుల పెట్టెలోకి ఆసుపత్రి కౌంటర్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కంప్యూటర్ ఉత్తరమే. 'ఉదయం నుంచి ఫోన్లు ఎత్తుతూనే ఉన్నాం. ఇద్దరో ముగ్గురో తిట్టారు. మిగతావాళ్ళు చిన్ని తిందో లేదో కనుక్కోమన్నారు. ఒక పెద్దాయన తను ఏమేం తిన్నాడో మొత్తం చెప్పాడు. ఇలాంటిది మళ్ళీ జరక్కుండా ఒక కాపలా రాసి పంపుతున్నాను. పంపబోయే మాటలో నాన్న అనే నమూనా మాట కనిపిస్తే ఇది ఆపేస్తుంది. మీ గదిలో నియమం ఉందని అమ్మ చెప్పింది కాబట్టి అది కూడా రాస్తున్నాను. ఎక్కడ తన్నుతుంది: నాకు తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు.'

కింద ఏడెనిమిది లైన్ల కోడు ఉంది.

తాతగారు నా భుజం మీంచి చదివారు. ఉత్తరం అంతా అయ్యాక కోడు చదవలేదు. ముందు తన బల్ల దగ్గరికెళ్ళి దాన్ని ఒక కాపీ తీసి, వేరేచోట భద్రం చేసి, అది సరిగ్గా చేరిందా లేదా అని ఇంకోసారి చూసుకుని, అప్పుడొచ్చి చదివారు. "రాసింది. మళ్ళీ రాసింది" అన్నారు, నాతో కాదు.

మేనేజరు కూడా చూసి, "ఇది పని చేస్తే గది ఉంచుకోండి. సాయంత్రం నాకు చూపించండి" అన్నారు.

ఇక్కడ వచ్చింది చిక్కు. కోడు చదవగానే తప్పు నా కంట్లో పడింది. నమూనా మాట ఉందా లేదా అని చూసే లైను నాలుగోది. పంపే లైను దానికి పైన, మూడోది. అంటే మొదటి మెసేజి వెళ్ళిపోయాక గానీ కాపలా కళ్ళు తెరవదు. మిగతావాటిని ఆపుతుంది, నిజమే, కానీ ఒకటి మాత్రం జారిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. నాలుగో లైను ఒక్క మెట్టు పైకి జరిపితే చాలు.

"తాతగారూ..." అన్నాను.

"చూశాను" అన్నారు.

"జరిపేస్తాను, అర నిమిషం పని."

"నాలుగో లైను జోలికి వెళ్ళొద్దు."

ఆయన గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. ఆయనే మళ్ళీ మెత్తగా అన్నారు: "తెలుసు, చెప్పక్కర్లేదు అని రాసింది కదమ్మా. ఒకసారి నమ్మలేదు. ఇప్పుడు నమ్ముదాం."

"నమ్మండి. కానీ ఒక మెసేజి ఎవరికో పోతుంది. పొద్దున్న మునిగిన కొంప చాలదా?" అన్నాను. ఎవరికి పోతుందో, ఏం పోతుందో కూడా చదవడానికి లేదు. నమూనా మాట ఉండాల్సినచోట మాట లేదు. బారెడు అంకెలున్నాయి. మా పనిలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. ఫోను నంబరునీ మాటనీ కలిపి ఆ అంకెల్లోకి మార్చి పెట్టింది ఆ పిల్ల. నడిపిస్తే తప్ప తెలియదు. చదవకుండా నడిపించడమంటే నా ప్రాణం మీదికొచ్చే పని, పైగా ఆ రోజున.

"అడక్కుండా దాని అక్షరం ఇంకోసారి ముట్టుకోను" అన్నారు తాతగారు. "ఉన్నదున్నట్టు నడిపించు. మునిగితే నేను మునుగుతాను."

నడిపించాను.

తెరమీద కాపలా తన మాట చెప్పింది: నమూనా మాట ఉంది, ఆపేశాను. చక్కగా ఆపేసింది. అదే క్షణంలో బల్లమీద తాతగారి ఫోను గుర్రుమని కదిలింది.

ఆయన తీసి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీసేశారు. ఫోను నా చేతికిచ్చారు. "ఏముందో చదువమ్మా. నాకు కనపడట్లేదు."

ఆసుపత్రి పేరుమీద, మా యంత్రం పంపిన మెసేజి. చదివాను. "తిన్నాను నాన్నా. నువ్వు తిన్నావా?"

హెడ్‌ఫోన్ పక్కకి తిరిగి గోడ చూస్తున్నాడు. నాకు నెమ్మదిగా అర్థమైంది. ఆ పిల్లకు తప్పు తెలుసు. కావాలనే వదిలింది. నాన్న చెయ్యి ఊరుకోక నాలుగో లైను పైకి జరిపి ఉంటే కాపలా ముందే కళ్ళు తెరిచి ఈ మెసేజిని కూడా ఆపేసేది. ఆయన సరిదిద్దితే జవాబు రాదు. సరిదిద్దకపోతే వస్తుంది. అంత చిన్న తలుపు తెరిచి పెట్టింది, అందులోంచి ఆయన వంగి రాగలడో లేడో చూద్దామని. వచ్చారు. నాకు ఆ ముసలాయన్ని కావలించుకోవాలనిపించింది.

ఆయన తన ఫోనులోంచి జవాబు కొట్టారు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. "లేదమ్మా. ఇప్పుడు తింటాను."

ఈసారి ఎంతోసేపు పట్టలేదు. కూతురు సొంత నంబరు నుంచే వచ్చింది. నాకు చూపించారు. 'తిను ముందు. తిన్నాక నాలుగో లైను పైకి జరుపు. పర్లేదు, నువ్వే జరుపు. కానీ జరిపే ముందు నాది ఒక కాపీ దాచు.'

తాతగారు బల్లమీద తల పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వీపు చూసి చెప్పడం కష్టం. తర్వాత లేచి, 'వచ్చీరాగానే దాచాను తల్లీ' అని కొట్టి, క్యారియర్ మూత తీశారు. చల్లారిపోయిన అన్నం. మొదటి ముద్ద కలిపారో లేదో ఫోను మోగింది. మెసేజి కాదు, ఫోనే. కలిపిన చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని, ఎడమచేత్తో ఫోను చెవికి ఆనించుకుని కిటికీ దగ్గరికి నడిచారు.

"ఆ... తింటున్నాను. ఆ... నువ్వు చెప్పు" అంటున్నారు. చాలాసేపు ఆ మాటలే అన్నారు.

మేనేజరు వచ్చి "అయిందా?" అని అడిగారు. "అయింది సార్, ఒక్క లైను జరపాలి" అన్నాను. "మరి జరపండి" అన్నారు. "అది జరపాల్సినాయన ఫోన్లో ఉన్నారు, కాసేపాగండి" అన్నాను. నా మొహం చూసి ఏమనుకున్నారో, తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయారు. నాలుగో లైను ఆ సాయంత్రం దాకా కిందే ఉంది. నేను ముట్టుకోలేదు.